మందు ముట్టొద్దు, మందు మానొద్దు

మా వార్డు గుమ్మం మీద ఒక బోర్డు ఉండేది. 'ఇచ్చట మందు మాన్పించబడును' అని పసుపు మీద ఎర్ర అక్షరాలు. ఆ బోర్డు చూసి వచ్చిన మొదటి మనిషి తాగుబోతు కాదు, ఒక ముసలమ్మ. షుగరుకీ, బీపీకీ, మోకాళ్ళకీ కలిపి దోసెడు మాత్రలు కొంగున కట్టుకొచ్చి నా బల్ల మీద పోసింది.

"తల్లీ, ఇయి మింగలేక సచ్చిపోతన్నాను. అన్నీ మానిపించీయ్, నీకు పున్నెముంటాది" అంది.

నాకు నవ్వొచ్చింది. మా సూపరింటెండెంటు గారికి చెప్తే, "చదువు లేకపోతే ఇంతేనమ్మా" అన్నారు. ముసలమ్మ చదువుకుంది కాబట్టే కదండీ బోర్డు చదివి వచ్చింది! ఆయనతో ఆ మాట అనలేదు. తరవాత చాలా అన్నాను.

నేను ఆసుపత్రుల్లో సిస్టరుగా చేసి రిటైరైన మనిషిని. ఆఖరి సంవత్సరాలన్నీ తాగుడు మాన్పించే వార్డులోనే గడిచాయి. ఊరు శ్రీకాకుళం, ఆసుపత్రి పేరు మాత్రం అడక్కండి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే అలవాటు నాకు లేదు. ఒకటి రెండు వాసాలు వంకరగా ఉన్నాయని చెప్తానంతే. మా అమ్మ సముద్రం ఒడ్డున చేపలమ్మిన మనిషి, ఆ గంప నాకు రాలేదు గానీ నోరు మాత్రం వచ్చింది. 

కొత్తగా ఆ వార్డులో చేరే పిల్లలు ఫోన్ చేసి, "మేడమ్, ఏవైనా టిప్సు చెప్పండి" అంటున్నారు. టిప్సు హోటల్లో ఇస్తారమ్మా. ఈ పని అంటే వణికేవాడి పక్కన కూర్చోవడం, వాంతులు ఎత్తడం, చుట్టాల్ని బయటికి గెంటడం. మూడింట్లోకీ మూడోదే కష్టం. "పాపం, మావోడికి టీ తెచ్చాం" అని ఫ్లాస్కు పట్టుకొస్తారు. మూత తీసి వాసన చూడాలని ఏ నర్సింగు స్కూల్లోనూ నేర్పరు. ఇంకోటి కూడా నేర్పరు. దాని కోసం సింహాచలం అనే కుర్రాడి కథ చెప్పాలి.

సారు రాసిన కథ

ముందు మా సూపరింటెండెంటు గారి గురించి. ఆయన ఎముకల డాక్టరు. విరిగిన కాలు చూస్తే ఆయన్ని మించినవాడు లేడు, ఆ మాట నేను ఎక్కడైనా చెప్తాను. మనసు విరిగినవాణ్ణి చూస్తే మాత్రం ఫ్లెక్సీ వేయించేవారు. మైకు ఆయనకి ప్రాణం. ఇద్దరున్న గదిలో కూడా గొంతు సవరించుకునే మాట్లాడేవారు.

ఆయనకి ఒకసారి సాహిత్యం పట్టుకుంది. కుర్రకారు తాగుడు మాన్పించడానికి స్వయంగా ఒక కథ రాసి, అట్ట మీద తన ఫొటోతో అచ్చేయించి, కాలేజీలన్నిటికీ పంచారు. కథానాయకుడు రవి. మొదటి పేజీలో రవికి క్లాసులో ఫస్టు. రెండో పేజీలో చెడు స్నేహం. మూడో పేజీలో అమ్మ పుస్తెలతాడు అమ్మేశాడు. నాలుగో పేజీలో లివరు పోయింది. ఆఖరి పేజీలో బట్టతల, కళ్ళద్దాలు ఉన్న ఒక డాక్టరు, అచ్చం మన సారే, భుజం మీద చెయ్యి వేశాడో లేదో రవి మారిపోయి కలెక్టరైపోయాడు. లివరు సంగతి ఏమైందో ఎవరికీ తెలియదు.

మిగిలిపోయిన పుస్తకాలన్నీ మా వార్డులో పడేశారు. వాటిని చదివినవాడు నాకు తెలిసి ఒక్కడే.

ఉన్నా లేనట్టే

సింహాచలానిది చీపురుపల్లి దగ్గర పల్లె. ఇంటరు రెండో ఏడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి పైడమ్మ ఉన్న కాస్త మెట్టలో గోగు, వేరుశనగ వేసుకుని పిల్లల్ని పెంచింది. కుర్రాణ్ణి మా దగ్గరికి తెచ్చింది వాళ్ళ బావ, అంటే అక్క మొగుడు. తన ఆటోలోనే పడుకోబెట్టి తెచ్చాడు.

"ఎప్పటినుంచి తాగుతున్నాడు?" అన్నాను.

"పది పరీక్షలైపోనాక అమ్మోరి పండక్కి నానే పోసినానమ్మా. బావని గదా, సరదాకి. ఒక్క సుక్క."

"సరదా బాగుంది. మరి నీ సంగతేమిటి?"

"నాకేటి, నాది కంట్రోలు. ఆదివారమే."

"ఇవాళ మంగళవారం. నిలబడ్డచోటికి వాసన కొడుతోంది."

"ఆదివారంది ఇంకా దిగనేదమ్మా" అన్నాడు, ఏమాత్రం సిగ్గు లేకుండా.

మొదట్లో కుర్రాడు మంచం అదిరేలా వణికాడు. ఫిట్సు కూడా వచ్చాయి. పదిహేడేళ్ళ ఒంట్లో అంత విషం ఎలా పట్టిందో దేవుడికే తెలియాలి. తేరుకున్నాక కూడా నోరు విప్పడు. ఏమడిగినా తలూపడమే. పొగరనుకున్నాం. ఒకరోజు సారు రాసిన కథ చదివి, నన్ను చూసి నవ్వాడు. 

"ఏమిట్రా?"

"ఈ... ఈడు ఎందుకు తా... తాగినాడో రా... రాయనేదు."

అప్పుడు తెలిసింది, వాడికి నత్తి.

"రాశారు కదరా, చెడు స్నేహం అని."

"ర... రవికి సేయితులైనా ఉన్నారు. నాకు ఎ... ఎవులూ నేరు."

మంచం మీద కూర్చుని మిగతాది రాబట్టాను. వాడి కాలేజీలో హాజరు పిలిస్తే 'ప్రెజెంట్ సార్' అనాలి. ఆ 'ప్ర' వాడి నోట్లోంచి ఊడిపడదు. వాడు 'ప్... ప్...' అంటుంటే క్లాసంతా నవ్వేది. ఆ లెక్చరరు ఆగకుండా తరవాతి పేరుకి వెళ్ళిపోయేవాడట. ముందు బెంచీలో కూర్చుని కూడా రోజూ ఆబ్సెంటు! పండగనాడు బావ పోసిన సుక్క పడగానే వాడి మాట గడగడా వచ్చింది. అందరూ విన్నారు. జీవితంలో మొదటిసారి నలుగురు తన మాట విన్నారు. ఇంకేం, కాలేజీకి వెళ్ళే ముందు ఒక గుక్క, 'ప్రెజెంట్ సార్' ఖంగుమని. తాగడం మొదలెట్టాక హాజరు పెరిగిన విద్యార్థి ఈ భూప్రపంచంలో వీడొక్కడే అయ్యుంటాడు. కొన్నాళ్ళకి గుక్క సరిపోలేదు. 

నాకు వాళ్ళ లెక్చరరు దొరికుంటే ఆరోజే కడిగేసేదాన్ని.

ఇంటికి పంపించే రోజు మా మానసిక వైద్యురాలు, మాట తక్కువ పని ఎక్కువ మనిషి, పైడమ్మని కూర్చోబెట్టి చెప్పింది. "ఫిట్సు వచ్చిన పిల్లాడు. నేను చెప్పేదాకా ఈ మందు ఒక్కపూట కూడా మానకూడదు." నేను మాత్రలు చూపించి మళ్ళీ చెప్పాను. పైడమ్మ కళ్ళకద్దుకుని తీసుకుంది. హాజరప్పుడు చెయ్యెత్తితే చాలని ఒప్పుకోండి బాబూ అని వాళ్ళ ప్రిన్సిపాలుకి ఫోన్ చేశాను. "రూల్సు చూస్తాను" అన్నాడు.

మైకు ముందు ఒట్టు

కుర్రాడు బాగుపడ్డాడన్న మాట సారు చెవిన పడింది. ఇంక ఊరుకుంటారా? వాడి కాలేజీలోనే సభ పెట్టించారు. 

"సార్, వాణ్ణి ఊరేగించొద్దు" అన్నాను.

"ఊరేగింపు కాదమ్మా, స్ఫూర్తి."

వెళ్ళి చూద్దును కదా, గేటుకి ఇంత ఫ్లెక్సీ. ఒక పక్క సారు, ఇంకో పక్క సింహాచలం. 'నాటి తాగుబోతు, నేటి ఆదర్శ విద్యార్థి' అని రాసుంది. అప్పటిదాకా వాడు తాగుతాడని కాలేజీలో సగం మందికి తెలియదు. ఆ లోటు మేమే తీర్చాం. 

ఉపన్యాసాలయ్యాక సారు అందరి చేతా ఒట్టు వేయించారు. మామూలుగా ఇంగ్లీషులో ఉండే ప్రతిజ్ఞని ఆరోజు ప్రత్యేకంగా జనం భాషలోకి దింపుకొచ్చారు. సింహాచలాన్ని మైకు పక్కన నిలబెట్టి, కుడిచెయ్యి ఎత్తించి, "మా ఊరి అమ్మోరి సాక్షిగా, ఈ రోజు నుంచి నేను మందు ముట్టను. నా ఇంట మందు ఉంచను. ఎవరిచ్చినా మందు పుచ్చుకోను" అని తాను అంటూ, అందరి చేతా అనిపించారు. వెనక వరసలో బావ రెండు చేతులూ ఎత్తాడు.

అప్పుడు ఒక వింత జరిగింది. సింహాచలం ఒట్టు మొత్తం ఒక్క తడబాటు లేకుండా చెప్పాడు. నత్తి ఉన్నవాళ్ళు పదిమందితో కలిసి ఒకే గొంతుగా చెప్తే మాట తడబడదు, పాట పాడినా అంతే. మాకు తెలిసిన సంగతే. పైడమ్మకి తెలియదు కదా. ఉన్న వాటిలో మంచి చీర కట్టుకొచ్చి ముందు వరసలో కూర్చున్న మనిషి ఒక్కసారి లేచి నిలబడింది.

"ఓలమ్మో! అమ్మోరు నా గుంటడి నాలిక మీద కూకున్నాది!" అని బావురుమంది.

సభంతా చప్పట్లు. సారు ఆ చప్పట్లు తనకే అనుకుని నమస్కారం పెట్టారు.

ఆదర్శం పడిపోయింది

ఆ వారం తిరక్కుండానే బావ ఫోన్. "సిస్టరమ్మా, మీ ఆదర్శం కిందడిపోనాడు!"

క్లాసులో ఫిట్సు వచ్చాయి. నురగ కక్కుతుంటే చుట్టూ చేరిన పిల్లలు, మేష్టర్లు అన్నదొకటే మాట, తాగొచ్చాడని. ఫ్లెక్సీ మీద రాసుంది కదా, సాక్ష్యం ఎందుకు? ప్రిన్సిపాలు టీసీ ఇచ్చేస్తానన్నాడు. రూల్సు ఇప్పుడు వెంటనే కనపడ్డాయి. మా సారు వార్త వినగానే అన్న మొదటి మాట, "ముందు ఆ ఫ్లెక్సీ తీయించండి."

బావ ఆటోలో తెచ్చాడు. మర్నాటికి కుర్రాడు తేరుకున్నాడు. మంచం చుట్టూ సారు, డాక్టరమ్మ, తల్లి, బావ. "నేను ముందే అనుకున్నాను, ఈ కాలం పిల్లలు మారరు" అని సారు మొదలెట్టారు. ఆయన ముందే అనుకోవడం నేనెప్పుడూ చూడలేదు. వాడు పైకప్పు కేసి చూస్తూ పడుకున్నాడు, కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ఇందరిలో ఒక్కరూ వాణ్ణి అడగలేదు. చదువు పోతే వాడికి మిగిలేది బావ ఆటో, బావ సీసా.

వంగి అడిగాను. "ఒరే, తాగినావేట్రా?"

"నే... నే... నేదు, సి... సిస్టరమ్మా."

అంత తియ్యటి నత్తి నేను నా జన్మలో వినలేదు.

"సార్, వీడు తాగలేదు."

"అలా ఎలా చెప్తావమ్మా? టెస్టు చేశావా?"

"నత్తి వస్తోంది కదండీ."

సారుకి అర్థం కాలేదు. బావకి అర్థమైంది. "అవునండి బాబూ! తాగితే ఈడి మాట ఎక్స్‌ప్రెస్ బస్సండి, ఎక్కడా ఆగదు. నిన్న ఆటోలో ఎక్కించినప్పుడూ నత్తే వొచ్చినాది. నానే గేపకం సేసుకోనేదు."

డాక్టరమ్మ తల్లి వైపు తిరిగింది. "మందు రోజూ వేస్తున్నావా?"

పైడమ్మ తెల్లబోయింది. "మందేటమ్మా? ముట్టనని ఒట్టేసినాడు గదా! ఇంట్లో ఉంచననీ, ఎవులిచ్చినా పుచ్చుకోననీ అమ్మోరి మీద పెమానికం సేసినాడు. ఆ మందులన్నీ మూటగట్టీసి అమ్మోరి పటం కాడ ఎట్టీసినాను."

డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది.

"పైడమ్మా, రోజూ వెయ్యమని నేను చెప్పాను కదే!" అన్నాను.

"నువ్వు సెప్పినావు తల్లీ. నువ్వు సెవిలో సెప్పినావు. ఆ బాబు మైకులో సెప్పినాడు."

సింహాచలాన్ని అడిగాను, ఇంటరు చదువుతున్నవాడివి, నీకైనా తెలియదా అని. తెలుసట. అమ్మకి చెప్పబోయాడట కూడా. "నీ నాలిక అమ్మోరు ఒక్కపాలి ఇప్పినాది, ఒట్టు తప్పితే మరింకెప్పుడూ ఇప్పదు" అందట ఆవిడ. 

"నా... నాకూ ఆశే, సిస్టరమ్మా" అన్నాడు. 

ఏం తిట్టను వాణ్ణి? పదిమందిలో ఒక్కసారి మాట సాఫీగా వచ్చిన పిల్లాడు మళ్ళీ రావాలని కోరుకున్నాడు. అందుకోసం ఇదివరకు విషం తాగాడు, ఈసారి మందు మానాడు.

"ఎంత అజ్ఞానం!" అన్నారు సారు.

అక్కడ నా నోరు జారింది. జారిందంటే అబద్ధం, నేనే వదిలాను. "అజ్ఞానం కాదు సార్, తెలుగు. మీరు చెప్పింది చెప్పినట్టు విన్నది ఆవిడ ఒక్కతే. మిగతా సభంతా చేతులెత్తేసి, బయటికెళ్ళి సుక్కేసుకుంది."

గట్టు మీద పెట్టు

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది, సారాయి వేరు, మాత్ర వేరు అని. పైడమ్మ అన్నీ విని తలూపింది. "నిజమే తల్లీ. కానీ ఒట్టు ఒట్టే గదా" అంది. మన చిన్నప్పుడు ఆటల్లో 'ఒట్టు తీసి గట్టు మీద పెట్టు' అంటే ఒట్టు పోయేది. "మరి ఈ ఒట్టుని గట్టు మీద పెట్టే దారి లేదా?" అని అడిగాను.

"ఎవులు ఏయించినారో ఆలే తియ్యాల. అమ్మోరి కాడే తియ్యాల."

అందరం సారు కేసి చూశాం.

"నేనా? నేను డాక్టర్ని! పూజారినా?" అని ఆయన ఎగిరారు. 

"ఒట్టు వేయించేటప్పుడు పూజారే కదండీ" అన్నాను. అప్పటికీ లొంగకపోతే, ఆ ఫ్లెక్సీ ఫొటో నా ఫోన్లో భద్రంగా ఉందని గుర్తుచేశాను. లొంగారు.

డాక్టరమ్మతో సహా అందరం బావ ఆటోలోనే వెళ్ళాం. కారైతే ఊళ్ళో గుర్తుపడతారని సారే ఆటో అన్నారు. అమ్మోరి గుడి దగ్గర ఊళ్ళో ఆడవాళ్ళంతా చేరారు. మైకు లేదు. సారుకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పైడమ్మ పసుపు నీళ్ళు చిలకరించి, "సెప్పు బాబూ" అంది.

"అమ్మవారి సాక్షిగా నేను వేయించిన ఒట్టు తీసేస్తున్నాను. సింహాచలం ఇకనుంచి మందు..."

"మందనకు బాబూ!" అని ఆడవాళ్ళంతా ఒక్కసారి కేకేశారు. 

"దేని పేరు దానికెట్టి సెప్పు" అంది పైడమ్మ. "అమ్మోరికి అనుమానం ఉండకూడదు."

సారు గొంతు సవరించుకున్నారు. "సారా ముట్టడు. బ్రాందీ ముట్టడు. బీరు..."

"ఇస్కీ మర్సిపోనారండి" అన్నాడు బావ వెనకనుంచి. 

"విస్కీ ముట్టడు."

"రమ్మండి. కల్లు సెప్పనేదండి. జీలుగు కల్లు ఏరే సెప్పాలండి, అది మళ్ళీ ఏరే."

పైడమ్మ మెల్లగా అల్లుడి వైపు తిరిగింది. "అన్నీ బాగా తెలుసు నాయినా నీకు. రా, నువ్వూ ఎయ్యి ఒట్టు. ఈసారి ఒక్క సెయ్యే ఎత్తు."

బావ మొహంలో రక్తం చుక్క లేదు. ఊరందరి ముందూ అత్తగారు అడిగితే ఎవడు తప్పించుకుంటాడు? వేశాడు. ఆ తరవాత ఆదివారాలు కూడా మానాడని చెప్తే నేను అబద్ధం చెప్పినట్టే. బామ్మర్దికి పొయ్యడం మాత్రం మానాడు. మాకు అదే పదివేలు.

సారు ఆఖరి మాట చెప్పారు. "బిళ్ళ మాత్రం మానడు." ఆ మనిషి జీవితంలో చెప్పిన ఉపన్యాసాలన్నిట్లోకీ అదే పొట్టిది, పనికొచ్చింది కూడా అదే. పైడమ్మ మూట విప్పి, అమ్మోరి ముందే కొడుకు నోట్లో బిళ్ళ వేసింది. వాడి మాట ఇంక సాఫీగా రాదేమోనని ఆవిడ ఏడ్చింది. "తడబడినా నీ మాట నీదేరా" అని వాడి తల నిమిరాను. 

తిరిగొచ్చేటప్పుడు కాలేజీ దగ్గర ఆటో ఆపించి, డాక్టరమ్మనీ సారునీ ప్రిన్సిపాలు గదిలోకి తోలాను. టీసీ ఆగింది. హాజరుకి చెయ్యెత్తితే చాలన్నారు. చూశారా, ఇంత చిన్న పనికి ఎంత పెద్ద యాగం చేయాల్సొచ్చిందో.

కొత్త బోర్డు

సారు సిగ్గుపడి పాత బోర్డు తీయించారు. కొత్తది 'మద్యపాన వ్యసన విముక్తి మరియు పునరావాస విభాగము'. చదివేలోపు తాగినవాడికి దిగిపోతుంది, తాగనివాడికి ఎక్కుతుంది. జనం ఇప్పటికీ గేటు దగ్గర 'మందు మానిపించే వార్డేది' అనే అడుగుతారు. పిల్లలూ, మీరు మాత్రం సారాని సారా అనండి, బిళ్ళని బిళ్ళ అనండి. ఆ మాట ఎదుటివాడి ఇంట్లోకి వెళ్ళాక ఏ అర్థం తీసుకుంటుందో అడిగి చూసుకోండి. 

సింహాచలం కలెక్టరు కాలేదు. గరివిడిలో వెల్డింగు షాపులో పని చేస్తున్నాడు, మంచి పనితనం అంటారు. మధ్యలో ఒకసారి జారాడు కూడా. ఆరోజు ఫోన్ చేసి, "సిస్టరమ్మా బాగున్నారా, ఒంట్లో ఎలగున్నాది, చాన్నాళ్ళైపోనాది మిమ్మల్ని సూసి" అని ధారగా, ముత్యాల్లాంటి మాటలు. ఒక్క తడబాటూ లేదు. "ఆటో ఎక్కి ఉన్నపళంగా వచ్చెయ్యరా" అన్నాను. వచ్చాడు. మళ్ళీ మొదట్నుంచి చేశాం. కోలుకోవడం అంటే ఇదే, ఆఖరి పేజీ అంటూ ఉండదు.

మొన్న వాళ్ళ ఊళ్ళో అమ్మోరి పండగ. ఆ పండగొస్తే నాకు ఇప్పటికీ భయమే. వాడు మొదటి సుక్క తాగింది ఆ పండగలోనే కదా. సాయంత్రం ఫోన్ మోగింది. అవతల డప్పులు, జనం, ఎవరో "ఒరే బామ్మర్దీ" అని కేకెయ్యడం. వాడు మాట్లాడటం లేదు. నేను ఫోన్ చెవికి అదిమి పట్టుకున్నాను.

"సి... సి... సిస్టరమ్మా..."

కళ్ళు మూసుకున్నాను. 

"మం... మం... మం..."

నత్తివాడి మాట మనం పూర్తి చెయ్యకూడదు. అది మొదట నేర్చుకోవలసిన పాఠం. ఆగాను.

"మందేసుకున్నానమ్మా."

"ఏసుకో నాయనా," అన్నాను, "రోజూ ఏసుకో."